బీసీపీ రాయాలి: 140 మంది ఉన్న యూనిట్‌కి ఎక్కడ మొదలుపెట్టాలి?

పటాన్‌చెరు అడ్మిన్ | సోమవారం ఉదయం

అందరికీ నమస్కారం. మందుల కంపెనీలకు కార్టన్లు, వాటిలో పెట్టే కాగితాలు ప్రింట్ చేసే యూనిట్‌లో అడ్మిన్, హెచ్ఆర్ రెండూ నేనే చూస్తాను. రెండు షిఫ్టులు కలిపి 140 మంది. మా పెద్ద కస్టమర్ వచ్చే నెల ఆడిట్‌కి వస్తున్నారు. ఈసారి వాళ్ళ చెక్‌లిస్టులో బిజినెస్ కంటిన్యుటీ ప్లాన్ (బీసీపీ), అంటే ఆపద వచ్చినా పని ఆగకుండా నడిపే ప్లాన్ అని ఒక విభాగమే పెట్టారు.

మా దగ్గర 2020లో రాసిన ఫైలు ఒకటి ఉంది. అందులో మాస్కులు, శానిటైజర్, గేటు దగ్గర టెంపరేచర్ గన్, క్యాంటీన్‌లో దూరం దూరంగా కుర్చీలు, ఆఫీసు స్టాఫ్‌కి వర్క్ ఫ్రమ్ హోమ్. అంతే. అదే జబ్బు అదే రూపంలో మళ్ళీ వస్తే తప్ప ఎందుకూ పనికిరాదు. "నెట్‌లో టెంప్లేట్ దొరుకుతుంది, పేరు మార్చి పెట్టేయమ్మా" అన్నారు మా ఎండీ గారు. ఆడిట్‌కి అది చాలేమో. కానీ 2021 ఏప్రిల్, మే నెలల్లో మా షాప్‌ఫ్లోర్ ఎలా ఉందో నేను కళ్ళారా చూశాను. ఆపద వచ్చినప్పుడు మావాళ్ళు తెరిచి చూసుకునేలా ఉండాలి ఈ ఫైలు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

గచ్చిబౌలి ఐటీ | సోమవారం మధ్యాహ్నం

మేడమ్, మీరు సరైన చోటే పట్టుకున్నారు. 2020కి ముందు పెద్ద ఐటీ కంపెనీలన్నిటికీ బీసీపీ ఉండేది. చాలావాటికి దీనికోసమే ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 22301 సర్టిఫికెట్ కూడా ఉండేది. ఆ ప్లాన్లలో ఎక్కువ శాతం ఒకే నమ్మకం మీద నడిచేవి: హైదరాబాద్ ఆఫీసు ఆగితే చెన్నై వాళ్ళు అందుకుంటారు, చెన్నై ఆగితే పుణె వాళ్ళు అందుకుంటారు. ఒక ఊరికి తుపాను వచ్చినా, వరద వచ్చినా ఆ ఏర్పాటు సరిపోతుంది. 2020 మార్చి 25న దేశమంతా ఒకేసారి తలుపులు మూసుకుంది. రెండో ఊరు అన్నదే లేకుండా పోయింది.

అప్పుడు పని నడిచింది ప్లాన్ వల్ల కాదు, అప్పటికప్పుడు పరిగెత్తిన మనుషుల వల్ల. డెస్క్‌టాప్‌లు క్యాబుల్లో ఎక్కించి ఇళ్ళకు పంపారు. వీపీఎన్ లైసెన్సులు సరిపోక షిఫ్టులవారీగా లాగిన్ అయ్యారు. బీపీఓలకి చట్టం కూడా అడ్డం. ఏజెంట్ ఇంటి నుంచి పనిచేయాలంటే కోటి రూపాయల సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలని టెలికాం శాఖ నిబంధన ఉండేది. 2020 మార్చి 13న దానికి తాత్కాలికంగా మినహాయింపు ఇచ్చారు. అదే ఏడాది నవంబర్‌లో కొత్త మార్గదర్శకాలు తెచ్చి ఆ నిబంధనను ఎత్తేశారు. ఆ మినహాయింపు సమయానికి రాకపోతే ఎన్ని కాల్ సెంటర్లు ఆగిపోయేవో.

నా సలహా ఒకటే. 'మహమ్మారి వస్తే', 'వరద వస్తే', 'అగ్నిప్రమాదం జరిగితే' అని అధ్యాయాలు పెట్టకండి. వచ్చే ఆపద పేరేమిటో మనకి ముందు తెలియదు. వచ్చినప్పుడు చేతిలోంచి ఏం పోతుందో మాత్రం చెప్పగలం: మనుషులు, స్థలం, కరెంటు, ముడిసరుకు, కంప్యూటర్లలో డేటా. ఒక్కోటీ పోతే పని ఎలా నడుపుతామో రాయండి. సగం మంది రాకపోతే కారణం జ్వరమైనా బంద్ అయినా మీరు చేయాల్సింది దాదాపు ఒకటే.

బాలానగర్ ఓనర్ | సోమవారం సాయంత్రం

మీ లిస్టులో అసలుది వదిలేశారు తమ్ముడూ. డబ్బు. నాది 35 మంది ఉన్న మెషినింగ్ షాపు. లాక్‌డౌన్‌లో మా వీధిలో మూతపడ్డ షెడ్లు జబ్బు వల్ల మూతపడలేదు, చేతిలో రొక్కం లేక మూతపడ్డాయి. ఆర్డర్ ఇచ్చినవాడు బిల్లు ఆపేశాడు. షెడ్డు ఇచ్చినవాడు అద్దె అడగడం ఆపలేదు. కరెంటు బిల్లులో ఫిక్స్‌డ్ ఛార్జీ పడుతూనే ఉంది. రిజర్వ్ బ్యాంకు మారటోరియం ఇచ్చింది, మార్చి 1 నుంచి మొదలై ఆగస్టు 31 దాకా. దాన్ని మాఫీ అనుకున్నవాళ్ళు చాలామంది. ఈఎంఐ ఆగింది కానీ వడ్డీ నడుస్తూనే ఉంది. ఆ తర్వాత కేంద్రం 3 లక్షల కోట్ల గ్యారంటీ లోన్ స్కీమ్ తెచ్చింది. మమ్మల్ని నిలబెట్టింది అదే, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా అదీ అప్పే కదా.

ఇన్సూరెన్స్ సంగతి కూడా వినండి. నేను ఏళ్ళ తరబడి ప్రీమియం కట్టాను. షాపు మూతపడితే నష్టం ఇస్తారని ధైర్యంగా ఉన్నాను. పాలసీ తీసి చూస్తే, బిల్డింగుకో మెషీనుకో భౌతికంగా దెబ్బ తగిలి పని ఆగితేనే ఆ క్లాజు వర్తిస్తుంది. ప్రభుత్వం మూసేయమంటే వర్తించదు. మేడమ్, మీ కంపెనీ పాలసీలో 'లాస్ ఆఫ్ ప్రాఫిట్' భాగం ఈ వారమే చదివించండి.

ఇక మనుషులు. మా దగ్గర వెల్డర్లలో ఎక్కువమంది ఒడిశా, జార్ఖండ్ వాళ్ళు. 2020 మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు కదిలింది మన లింగంపల్లి నుంచే, హటియాకి, దాదాపు 1,200 మందితో. ఆ రోజు వాళ్ళ తిండికీ గదికీ భరోసా ఇచ్చిన షాపులకి మనుషులు తిరిగొచ్చారు. ఇవ్వనివాళ్ళు షట్టర్ తీశాక కూడా నెలల తరబడి వెల్డర్ కోసం వెతికారు. ఇలాంటివి ఏ టెంప్లేట్‌లోనూ ఉండవు.

విశాఖ సేఫ్టీ | సోమవారం రాత్రి

ఓనర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంకో వైపు నుంచి మాట్లాడతాను. అందరూ ఆగిపోవడం గురించే రాస్తున్నారు. తిరిగి మొదలుపెట్టడం గురించి ఎవరూ రాయరు. మా ఊరికి అది ప్రాణాల మీదికి వచ్చింది.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్‌తో ప్లాంటు ఆగిపోయింది, ట్యాంకులో స్టైరీన్ మాత్రం అలాగే నిలవ ఉంది. స్టైరీన్‌ని చల్లగా ఉంచాలి. దానంతట అదే గడ్డకట్టే రసాయన చర్య మొదలవకుండా టీబీసీ అనే నిరోధకం తగినంత కలపాలి. ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగున ఉంది, పైపొర వేడెక్కుతున్న సంగతి తెలియలేదు. నిరోధకం కొరవడింది. సైరన్ మోగలేదు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఈ లోపాలన్నీ బయటపెట్టింది.

రెండు రోజుల తర్వాత, మే 9న, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పరిశ్రమలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ఒక వాక్యం ప్రతి ఫ్యాక్టరీ గోడ మీద ఉండాలంటాను: తిరిగి తెరిచిన మొదటి వారాన్ని ట్రయల్ రన్‌గా చూడండి, ఎక్కువ ఉత్పత్తి కోసం పరుగులు పెట్టకండి. లాక్‌డౌన్ తీసేశాక ప్రతి యజమానికీ నష్టం పూడ్చుకోవాలన్న తొందరే ఉంటుంది. ప్రమాదం పొంచి ఉండేది ఆ తొందరలోనే.

మేడమ్, మీది ప్రింటింగ్ అయినా ఇంకులు, సాల్వెంట్లు, ఐపీఏ (తేలిగ్గా అంటుకునే ఆల్కహాల్) నిల్వ ఉంటాయి కదా. ప్లాంటు మూసినప్పుడు వాటిని రోజూ ఎవరు చూస్తారు, వాళ్ళకి కర్ఫ్యూ పాస్ ఎవరు తెస్తారు, తెరిచే రోజు కరెంటు వేసే ముందు ఏమేం పరీక్షించాలి. ఇది విడిగా ఒక పేజీ రాయండి. మిగతావి లేకపోయినా ఈ పేజీ ఉండాలి.

పటాన్‌చెరు అడ్మిన్ | మంగళవారం ఉదయం

మీ పోస్టు ప్రింట్ తీసి మా మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జికి ఇచ్చాను సార్. ఐపీఏ డ్రమ్ములు కాంపౌండ్ గోడ పక్కన ఉంటాయి. సెలవుల్లో సెక్యూరిటీ గార్డు తప్ప అటువైపు వెళ్ళేవాళ్ళు లేరు. గార్డుకి ఆ డ్రమ్ములో ఏముందో తెలియదు. ఈ రోజే మొదలుపెడుతున్నాం.

బెజవాడ అకౌంట్స్ | మంగళవారం మధ్యాహ్నం

కోవిడ్ తర్వాత అందరి ప్లాన్లూ ఒకే మాట దగ్గరకి వచ్చి ఆగాయి: 'ఏమైనా అయితే ఇంటి నుంచి పని'. 2024 సెప్టెంబర్ 1న ఆ మాటకి మా ఊరి బుడమేరు వాగు సమాధానం చెప్పింది. సింగ్ నగర్ వైపు మొదటి అంతస్తు దాకా నీళ్ళు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద. ఆఫీసు బాగానే ఉంది, మునిగినవి మా స్టాఫ్ ఇళ్ళు. కరెంటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు, ఫోన్లలో ఛార్జింగ్ లేదు. ఇంట్లో లాప్‌టాప్ ఉందన్న మాటే కానీ ఇల్లే నీళ్ళలో ఉంది.

నేను పనిచేసే ఆడిట్ ఆఫీసుకి వచ్చే ఒక క్లయింటు సంగతి చెబుతాను. టాలీ డేటా ఉన్న కంప్యూటర్ గ్రౌండ్ ఫ్లోర్‌లో. బ్యాకప్ హార్డ్ డిస్క్ అదే గదిలో బీరువా కింది అరలో. రెండూ బురదలో దొరికాయి. జీఎస్టీ పోర్టల్లో ఉన్నంతవరకు వెనక్కి తెచ్చుకున్నాం. బాకీలు ఎవరెవరు ఎంతెంత ఇవ్వాలో మాత్రం పార్టీలకి ఫోన్లు చేసి అడిగి రాసుకోవాల్సి వచ్చింది. నిజాయితీ ఉన్నవాళ్ళు చెప్పారు.

మీ మనుషులు ఏయే కాలనీల్లో ఉంటారో మ్యాపు మీద గుర్తులు పెట్టండి మేడమ్. సగం మంది ఒకే లోతట్టు బస్తీలో ఉంటే ఆ ఒక్క వాన మీ షిఫ్టుని ఆపేస్తుంది.

రిటైర్డ్ బ్యాంకర్ | మంగళవారం సాయంత్రం

బ్యాంకుల్లో దీన్ని మేము ఎలా నేర్చుకున్నామో కొంచెం వివరంగా రాస్తాను, చదివే ఓపిక ఉన్నవారికి.

లాక్‌డౌన్ రోజుల్లో రిజర్వ్ బ్యాంకు 150 మందికి పైగా అధికారులను, సిబ్బందిని, సర్వీసు ప్రొవైడర్లను కుటుంబాలకు దూరంగా క్వారంటైన్‌లో ఉంచి పని నడిపింది. 2020 ఏప్రిల్‌లో గవర్నర్ స్వయంగా చెప్పారు. ఆర్టీజీఎస్, నెఫ్ట్ ఒక్క రోజు ఆగితే దేశమంతా ఆగుతుంది కాబట్టి. మిగతా ఎన్నో పనులు ఆలస్యమైనా పర్వాలేదనుకున్నారు. బీసీపీ అంటే ఇంతే. అన్నిటినీ కాపాడలేం. ఏది ఎంతసేపు ఆగితే కొంప మునుగుతుందో ముందే తేల్చుకోవాలి.

బిజినెస్ ఇంపాక్ట్ ఎనాలిసిస్ అని పెద్ద పేరు పెడతారు కానీ మీ యూనిట్‌లో అది అడగాల్సిన మూడు ప్రశ్నలు. మా దగ్గర ఈ పని ఆగితే కస్టమర్ లైన్ ఎన్ని రోజుల్లో ఆగుతుంది? అన్ని రోజుల్లోపు మేము మళ్ళీ మొదలుపెట్టగలమా? ఎంత పాత డేటాతో మొదలుపెట్టినా నష్టం లేదు? మొదటి రెండిటికీ వచ్చే జవాబు మీ ఆర్టీఓ (రికవరీ టైమ్ ఆబ్జెక్టివ్), మూడోదానికి వచ్చేది మీ ఆర్పీఓ (రికవరీ పాయింట్ ఆబ్జెక్టివ్). ఆడిటర్ ఆ అక్షరాలే అడుగుతాడు. మీరు అంకెలు చెప్పండి.

ఇంకో మాట. మనం బాగానే ఉండొచ్చు, మనం ఆధారపడినవాడు పడిపోవచ్చు. 2024 జులై చివర సీ-ఎడ్జ్ అనే టెక్నాలజీ కంపెనీ మీద రాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బు అడిగే) దాడి జరిగితే, దాని మీద నడిచే దాదాపు 300 చిన్న బ్యాంకులను యూపీఐ నడిపే సంస్థ ఎన్‌పీసీఐ తాత్కాలికంగా పేమెంట్ వ్యవస్థ నుంచి విడదీసింది. ఆ సహకార, గ్రామీణ బ్యాంకుల తప్పేమీ లేదు. వాళ్ళ ఖాతాదారులకి యూపీఐ మాత్రం ఆగిపోయింది. అదే నెల 19న ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చెడి ప్రపంచమంతా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. చేత్తో రాసే పద్ధతి గుర్తున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి మనుషులు విమానం ఎక్కగలిగారు. మీ డిస్పాచ్‌లో కంప్యూటర్ లేకుండా చలాను రాయగలిగేవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూసుకోండి.

బల్క్ డ్రగ్ పర్చేజ్ | మంగళవారం రాత్రి

నేను మీ కస్టమర్ బల్లకి అటువైపు కూర్చునేవాణ్ణి, అంటే మందుల కంపెనీలో కొనుగోళ్ళు. ఎందుకు ఇంత గట్టిగా అడుగుతున్నామో చెబుతాను. 2020 ఫిబ్రవరిలో చైనాలో ఫ్యాక్టరీలు మూతపడినప్పుడు మాకు ఊపిరాడలేదు. మార్చి 3న కేంద్రం పారాసిటమాల్‌తో సహా 26 రకాల ముడిమందులు, వాటితో చేసే మందుల ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. బల్క్ డ్రగ్స్‌కి (ముడిమందులకి) 6,940 కోట్ల పీఎల్ఐ, అంటే ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకం ఇచ్చే పథకం ఆ అనుభవంలోంచే వచ్చింది. కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి ప్లాంటు దాని కిందే పెట్టారు.

రెండో సప్లయర్ ఉన్నాడు అని అందరూ రాస్తారు. ఇద్దరు సప్లయర్లూ ఒకే మిల్లు నుంచి కార్టన్ అట్ట (బోర్డు) తెచ్చుకుంటుంటే రెండోవాడు ఉన్నా లేనట్టే. పైగా మా రంగంలో కార్టన్ సప్లయర్‌ని ఒక్క రోజులో మార్చలేం. వెండర్ ఆడిట్, శాంపిల్స్, ఆర్ట్‌వర్క్ ఆమోదం, అన్నీ అయ్యేసరికి నెలలు పడుతుంది. కాబట్టి మీరు ఆగితే మాకు ప్రత్యామ్నాయం లేదు. మేము అడుగుతున్నది భయంతో అడుగుతున్న ప్రశ్న, మిమ్మల్ని పట్టుకోవడానికి కాదు.

బాలానగర్ ఓనర్ | మంగళవారం రాత్రి

సార్, అంత భయం ఉన్నప్పుడు బిల్లులు 45 రోజుల్లో ఇవ్వండి. ఎంఎస్ఎంఈ చట్టం 2006 నుంచీ అదే చెబుతోంది. మీ సప్లయర్ బతికుంటేనే మీకు కంటిన్యుటీ. ప్లాన్ రాయమని అడిగే ప్రతి కంపెనీ తన పేమెంట్ టర్మ్స్‌ని కూడా ఆ ప్లాన్‌లో పెట్టాలి.

బల్క్ డ్రగ్ పర్చేజ్ | బుధవారం ఉదయం

మీ మాట న్యాయమే అన్నా. మా ఫైనాన్స్‌తో ఈ గొడవ నేనూ పడుతూనే ఉన్నాను. సప్లయర్ రిస్క్ రివ్యూలో 'మన దగ్గర పెండింగ్ బిల్లులు' అనే కాలమ్ చేర్చమని ఈ నెల మీటింగ్‌లో అడుగుతాను.

తిరుపతి స్టోర్స్ | బుధవారం మధ్యాహ్నం

ఆసుపత్రి స్టోర్స్‌లో పనిచేస్తాను. మాకు కంటిన్యుటీ అంటే నిమిషాల లెక్క. 2021 మే 10 రాత్రి మా ఊళ్ళో రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి 11 మంది పోయారని అధికారికంగా ప్రకటించారు. తమిళనాడు వైపు నుంచి రావాల్సిన ట్యాంకర్ ఆలస్యమైంది. అప్పటికి దేశంలో ఆక్సిజన్ తయారుకాక కాదు. ఏప్రిల్ 22నే విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ నుంచి మహారాష్ట్రకి మొదటి నిండు ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు బయల్దేరింది. సరుకు ఉంది, రోడ్డు మీద ఉంది, రోగి దగ్గర లేదు.

అప్పటినుంచి చాలా ఆసుపత్రుల్లో రీఆర్డర్ పాయింట్ (సరుకు ఎంతకి తగ్గితే మళ్ళీ ఆర్డర్ పెట్టాలో) లెక్క మారింది. మామూలు వాడకాన్ని బట్టి వేసేవాళ్ళం, ఇప్పుడు వాడకం రెట్టింపై ట్యాంకర్ ఆలస్యమైతే ఎంత ఉండాలో వేస్తున్నాం. మీ బోర్డుకీ ఇంకుకీ ఆ లెక్కే వేయండి అక్కా. గోడౌన్‌లో నాలుగు రోజుల సరుకు ఎక్కువ పెడితే వడ్డీ పోతుందని మీ ఫైనాన్స్ వాళ్ళు అంటారు. ఆ మాట విని తగ్గించకండి.

పటాన్‌చెరు అడ్మిన్ | గురువారం రాత్రి

అందరికీ ధన్యవాదాలు. బ్యాంకర్ గారి ప్రశ్నలు పట్టుకుని ప్రతి సెక్షన్‌కీ వెళ్ళి కూర్చున్నాను. బయటపడినవి చెబుతాను, ఇలాంటి యూనిట్లలో ఉన్నవాళ్ళకి పనికొస్తాయి.

ప్లేట్లు తీసే సీటీపీ మెషీన్ ఒక్కరికే వచ్చు. ఆయన సెలవు పెట్టిన రోజు ముందురోజే ప్లేట్లు తీసి పెట్టుకుంటున్నారట. ఇన్నాళ్ళూ అది జాగ్రత్త అనుకున్నాం. కటింగ్ డైలన్నీ ఒకే వెండర్ చేస్తారు, వాటి డ్రాయింగ్‌లు ఆయన దగ్గరే ఉన్నాయి, మా దగ్గర కాపీ లేదు. కస్టమర్ ఆమోదించిన ఆర్ట్‌వర్క్‌లు ఒక కంప్యూటర్‌లో ఉన్నాయి. బ్యాకప్ క్లౌడ్‌లోకి రోజూ వెళ్తోంది, కానీ దాన్ని తిరిగి దించి చూసినవాళ్ళు లేరు. కస్టమర్ దగ్గర మా కార్టన్లు పది రోజులకి సరిపోతాయి. బోర్డు మిల్లు నుంచి రావడానికే మామూలుగా వారం పడుతుంది. అంటే మాకు మిగిలేది మూడు రోజులు.

2021లో మా నైట్ షిఫ్ట్ ప్రింటర్ ఒకాయన కోవిడ్‌తో పోయారు. ఆయనకి తెలిసిన మెషీన్ సెట్టింగులు ఆయనతోనే పోయాయి. ఆయన కుటుంబానికి పీఎఫ్, ఇన్సూరెన్స్ డబ్బులు అందడానికి కూడా నామినీ వివరాలు సరిగ్గా లేక చాలా ఆలస్యమైంది. ఆ ఇంటికి నేను తిరిగిన రోజులు మర్చిపోలేను. ఈ ప్లాన్‌లో మొదటి పని 140 మంది నామినేషన్లు సరిచేయడం. ఎండీ గారు ఒప్పుకున్నారు.

నా ప్రశ్న: ఆడిటర్‌కి ఈ లోపాలన్నీ చూపించాలా? మా క్వాలిటీ మేనేజర్ వద్దంటున్నారు.

బల్క్ డ్రగ్ పర్చేజ్ | శుక్రవారం ఉదయం

చూపించండి. ప్రతి లోపం పక్కన ఎవరు, ఏ తేదీలోపు సరిచేస్తారో రాయండి. అన్నీ పచ్చ రంగులో ఉన్న ప్లాన్ చూస్తే మాకు అనుమానమే. 'సీటీపీకి రెండో ఆపరేటర్ శిక్షణ, ఫలానా నెలాఖరు' అని రాసి ఉంటే ఈ యూనిట్ నిజంగా కూర్చుని ఆలోచించిందని అర్థమవుతుంది. నేను అలాంటివాళ్ళకే ఆర్డర్ పెంచాను.

విశాఖ సేఫ్టీ | శుక్రవారం మధ్యాహ్నం

ఆడిట్ ముందు ఒక టేబుల్‌టాప్, అంటే ఊహించిన ఆపద మీద కూర్చుని చేసే రిహార్సల్, చేయండి మేడమ్. గంటన్నర చాలు. "బుధవారం రాత్రి రెండింటికి కరెంటు పోయింది, డీజిల్ జనరేటర్ స్టార్ట్ కావడం లేదు, ఎండీ గారి ఫోన్ స్విచాఫ్" అని చెప్పి నైట్ షిఫ్ట్ ఇన్‌ఛార్జిని అడగండి: ఇప్పుడు నిర్ణయం ఎవరిది? మేనేజర్లు పక్కన మౌనంగా కూర్చోవాలి. ఎంత ఖర్చు దాకా తనంతట తాను పెట్టొచ్చో ఆయనకి కాగితం మీద రాసివ్వాలి. రాత్రి పూట ఆగిపోయేది చాలావరకు ఆ అనుమతి దగ్గరే.

ఫోన్ నంబర్లు ప్రింట్ తీసి గేటు దగ్గర, స్టోర్స్‌లో, ఇన్‌ఛార్జిల ఇళ్ళల్లో పెట్టించండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక మాకు రోజుల తరబడి సెల్ టవర్లు లేవు. ఎవరి ఇల్లు ఎక్కడో తెలిసినవాళ్ళే బైకుల మీద వెళ్ళి మనుషులని పోగుచేశారు. నంబర్ పక్కన ఇంటి అడ్రసు, ఒక గుర్తు కూడా రాయండి.

పటాన్‌చెరు అడ్మిన్ | శుక్రవారం సాయంత్రం

వచ్చే బుధవారం రాత్రి షిఫ్ట్‌లోనే పెడుతున్నాం సార్. మీరు రాసిన సన్నివేశమే వాడుకుంటాను. ఖర్చు పరిమితి 50 వేలు అని ఎండీ గారు సంతకం చేశారు. క్లౌడ్ నుంచి ఆర్ట్‌వర్క్‌లు వేరే కంప్యూటర్‌లోకి దించే పరీక్ష రేపు ఉదయం.

బాలానగర్ ఓనర్ | శుక్రవారం రాత్రి

అమ్మా, ఆ ఫోన్ లిస్టు ఫార్మాట్, ఐపీఏ డ్రమ్ముల చెకింగ్ పేజీ, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టగలవా? మా వీధిలో 12 షెడ్లు ఉన్నాయి. ఆదివారం అందరినీ కూర్చోబెట్టి రాయిస్తాను.

పటాన్‌చెరు అడ్మిన్ | శుక్రవారం రాత్రి

తప్పకుండా అన్నా. రేపు మధ్యాహ్నంలోపు రెండూ పెడతాను. మీ షెడ్లలో యాసిడ్, థిన్నర్ ఉంటాయి కాబట్టి మూసేటప్పుడు చూడాల్సినవి నా పేజీకి ఇంకా చేర్చాల్సి ఉంటుంది. విశాఖ సార్ ఒకసారి చూసి చెబితే ఆదివారం లోపు సరిచేసి పంపిస్తాను.

విశాఖ సేఫ్టీ | శుక్రవారం రాత్రి

పెట్టండి, రేపు సాయంత్రానికి చూసేస్తాను. ఓనర్ గారూ, ఏ షెడ్లో ఏ కెమికల్ ఎంత ఉందో రేపటికల్లా రాసి పంపండి. ఏది దేని పక్కన పెట్టకూడదో కూడా అందులోనే గుర్తుపెట్టి ఇస్తాను.